వీపు పాఠం

ఇంట్లో ఆమెను పిచ్చుక అనేవారు. చిన్నప్పుడు పుల్లలా సన్నగా ఉండి, నిమిషం నోరు మూయకుండా గదిగదికీ తిరుగుతూ ఉండేదని అన్నయ్య పెట్టిన పేరది. నలభై దాటి, కళ్ళజోడు వచ్చి, యూనివర్సిటీలో అధ్యాపకుల శిక్షణ కేంద్రానికి అధిపతి అయినా ఆ పేరు వదలలేదు. కేంద్రంలో అందరికీ ఆమె మేడమ్. సాయంత్రం ఇంటికి పోతూ దారిలో ఉన్న అన్నయ్య ఇంట్లో అడుగుపెట్టగానే మాత్రం వంటగదిలోంచి వదిన గొంతు వినబడేది.

"ఏమే పిచ్చుకా, ఇవాళ ఎవరిని బాగుచేసి వచ్చావు?"

వదిన కూడా అదే యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పేది. ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి పిచ్చుక తల్లి లేని పిల్ల, ఇంకా బళ్ళో చదువుతోంది. జడ వేయడం దగ్గర్నుంచి జ్వరం వస్తే పక్కన కూర్చోవడం దాకా అన్నీ వదినే చూసుకుంది. డిగ్రీ అయ్యాక ఏదైనా ఉద్యోగంలో చేరితే చాలదా అని అన్నయ్య అంటే, "దాని నోటికి ఇంకా చదువు కావాలి, మీరు అడ్డం రాకండి" అని పట్టుబట్టి పైచదువుకు పంపింది కూడా ఆవిడే. అందుకే పిచ్చుక ఎవరికైనా తన చదువు గురించి చెప్పాల్సి వస్తే అమ్మ మాటా నాన్న మాటా రాకముందే వదిన మాట వచ్చేది.

డిగ్రీలో పిచ్చుక వదిన క్లాసులోనే కూర్చుంది. వదిన బోర్డు మీద బొమ్మ వేస్తే అచ్చు వేసినట్టుండేది. కాండాన్ని అడ్డంగా కోస్తే లోపల ఏముంటుందో, నీళ్ళు మోసే గొట్టాలు ఎర్రసుద్దతో, ఆహారం మోసేవి పచ్చసుద్దతో, వాటి మధ్య సన్నటి పొర తెల్లగీతతో, ఒక్కో కణాన్నీ విడివిడిగా గీసేది. తరవాతి గంటకు వచ్చే లెక్చరర్ ఆ బొమ్మ చెరపడానికి చెయ్యి రాక, మిగిలిన మూలలో తన లెక్కలు ఇరికించుకునేవాడు.

అయితే ఆ బొమ్మ వేస్తున్నంతసేపూ వదిన మొహం బోర్డువైపే ఉండేది. పాఠం కూడా బోర్డుకే చెప్పేది. వెనక వరసల్లో కబుర్లు సాగేవి, డబ్బాల మూతలు తెరుచుకునేవి, ఒకరిద్దరు బల్లమీద తలపెట్టి నిద్రపోయేవాళ్ళు. అర్థం కానివాళ్ళు గంట అయ్యాక పిచ్చుక చుట్టూ చేరేవాళ్ళు. "మీ వదినగారు ఆ పొర పేరేం చెప్పారే?" అని.

ఇంటికి వచ్చాక వదిన అడిగేది, "ఎలా ఉందే ఇవాళ క్లాసు?"

"బొమ్మ అద్భుతం వదినా."

అది అబద్ధం కాదు. కానీ చెప్పాల్సింది అదొక్కటే కాదని పిచ్చుకకు అప్పుడే తెలుసు. వదినకి అలాంటి మాట చెప్పడమా అని ఊరుకుంది. తనూ లెక్చరర్ అయింది, పెళ్ళయి రెండు వీధుల అవతల కాపురం పెట్టింది, పాఠం ఎలా చెప్పాలన్న విషయం మీదే పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది. అప్పుడూ ఊరుకుంది. వంటగదిలో వదినతో ఆకాశం కింద ఉన్న సంగతులన్నీ మాట్లాడేది, ఆ ఒక్కటీ తప్ప.

శిక్షణ కేంద్రాన్ని పాత లైబ్రరీ భవనం పై అంతస్తులో పెట్టారు. లిఫ్టు ఒక అంతస్తు కిందే ఆగిపోయేది. పాత ర్యాకులు తీసేసిన చోట గోడమీద ఇంకా వాటి మరకలు ఉండేవి. కొత్తగా వచ్చిన డీన్, వయసుతో నిమిత్తం లేకుండా అధ్యాపకులందరూ ఏడాదికొకసారి మూడు రోజుల వర్క్‌షాపుకి రావాల్సిందేనని ఉత్తర్వు వేశాడు. యువకులు వచ్చి బుద్ధిగా రాసుకునేవారు. పెద్దవాళ్ళతోనే వచ్చింది చిక్కు. వచ్చేవారు, సంతకం పెట్టేవారు, వెనక కుర్చీల్లో ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవారు. భౌతికశాస్త్రం ప్రొఫెసర్ ఒకాయన, పిచ్చుకకు వినబడాలనే అన్నట్టు పక్కాయనతో అన్నాడు, "మన పాఠాలు విని పెరిగిన పిల్ల మనకి పాఠం చెప్పడం నేర్పుతుందట. విన్నారా?"

రెండు బ్యాచీలు అలాగే గడిచాయి. అప్పుడు డీన్ ఆమెను పిలిచి, కసిరినట్టు కాకుండా మామూలుగానే చెప్పాడు. "పెద్దవాళ్ళు కదలకపోతే ఈ కేంద్రం వల్ల ఉపయోగం లేదమ్మా. ఇంకో బ్యాచి చూద్దాం. అప్పటికీ కాకపోతే మిమ్మల్ని పరీక్షల విభాగంలో కలిపేస్తాను."

ఆలోచించగా పిచ్చుకకు ఒకటే దారి కనబడింది. ఎవరైనా సీనియర్ పాఠాన్ని వీడియో తీసి, దాన్ని అందరూ కలిసి చూసి మాట్లాడుకుంటే కొంత చలనం వస్తుంది. కానీ కెమెరా ముందు నిలబడేదెవరు? అడిగినవాళ్ళందరికీ ఆ వారమే ఏదో పని ఉంది.

ఆ సాయంత్రం వదిన వంటగదిలో బీన్స్ తరుగుతూ అంతా విన్నది.

"నాది తియ్యి" అంది.

"నీదా?"

"ఏం, నా మొహం కెమెరాకి పనికిరాదా?"

"అది కాదు వదినా. అందరి ముందూ వెయ్యాలి. బాగున్నవీ బాగాలేనివీ మాట్లాడుకోవాలి."

"మాట్లాడుకోండి. నేనేం కరిగిపోను. నా వయసుదాన్ని నేనే కూర్చుంటే, ఆ ఫిజిక్సాయన ఇంకేమంటాడు? ఎవరో ఒకరు ముందు దిగితేగాని ఆ గుంపు కదలదే."

హాల్లో పేపరు చదువుతున్న అన్నయ్య తల ఎత్తకుండానే అన్నాడు, "ఇద్దరూ కాస్త ఆలోచించుకోండి."

కెమెరా ఏం చూపిస్తుందో పిచ్చుకకు తెలుసు. వదినా, ఆ రోజు బొమ్మ కాస్త తగ్గించి, పిల్లల వైపు తిరిగి చెప్పు. నాలుక చివరిదాకా వచ్చిందా మాట. వదిన చాలా హుషారుగా ఉంది. ఏ పాఠం చెప్పాలో, ఏ రంగు సుద్దలు తెప్పించాలో అప్పుడే లెక్కలు వేస్తోంది. ఆ హుషారు చూసి పిచ్చుక మాట మింగేసింది. పోనీలే, నేనే కదా నడిపేది, నొప్పి కలగకుండా చూసుకుంటాను అనుకుంది.

వీడియో తీశారు. కెమెరాను పక్క మూలలో, బోర్డూ పిల్లల మొహాలూ రెండూ కనబడేలా పెట్టారు. పిచ్చుక తన గదిలో కూర్చుని అంతా చూసింది. వదిన ఆకు లోపలి భాగాన్ని గీస్తోంది. ఎప్పటిలాగే ముచ్చటగా ఉంది. నాలుగో వరసలో ఒకమ్మాయి చెయ్యి ఎత్తింది. వదిన అటు తిరగలేదు. ఆ అమ్మాయి కాసేపు అలాగే ఉంచి, చేతికి రెండో చేత్తో కింద ఊతం పట్టుకుని, ఇంకాసేపు ఉంచి, మెల్లిగా దించేసింది. తరవాత పుస్తకం మూసి కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది.

పిచ్చుక ఆ ముక్కనే ఎంచుకుంది. ముందు బొమ్మ గొప్పతనం చెప్పి, తరవాత "మీకేం కనబడింది?" అని సభనే అడిగి, వాళ్ళ నోటితోనే చెప్పించి, మన అందరికీ ఇది జరుగుతుంది అని ముగించాలి అనుకుంది. తన మాటలన్నీ కాగితం మీద రాసుకుంది కూడా.

వర్క్‌షాపు రోజున డీన్ చెప్పాపెట్టకుండా వచ్చి వెనక కూర్చున్నాడు. వదిన రెండో వరసలో కూర్చుంది. వీడియో మొదలైంది. ఆకు బొమ్మ తెరమీద మెల్లగా పెరుగుతోంది. ఎవరో ఆవలించారు. పిచ్చుక "మీకేం కనబడింది?" అని అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది.

"బొమ్మ బాగుంది" అన్నాడు భౌతికశాస్త్రం ప్రొఫెసర్. "ఇక టీకి వెళ్దామా?"

కొందరు నవ్వారు. డీన్ గడియారం చూసుకోవడం పిచ్చుక కంటపడింది. వీడియోను వెనక్కి జరిపి, ఆ చెయ్యి లేచిన చోట ఆపింది.

"ఒక్క నిమిషం సార్. ఈ చెయ్యి చూడండి" అంది. "పాపం, పీకుతోందేమో, రెండో చేత్తో ఊతం కూడా పట్టుకుంది. ఈ అమ్మాయికి సంగతి తెలీదు. ఈ క్లాసులో పాఠం చెప్పేది మొహం కాదు, వీపు. వీపుకి కళ్ళుండవు కదా."

హాలంతా గొల్లుమంది. భౌతికశాస్త్రం ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మరీ నవ్వాడు. ఆ గదిలో తన మాటకు పిచ్చుక విన్న మొదటి నవ్వు అది. ఒంట్లోకి వేడి పాకినట్టయింది. రాసుకున్న కాగితం బల్లమీదే ఉండిపోయింది.

"దీనికో పేరు పెట్టుకుందాం" అంది. "వీపు పాఠం. మీలో ఎంతమంది వీపు పాఠం చెబుతారో నిజాయితీగా చెప్పండి చూద్దాం."

దాంతో గేట్లు ఎత్తేసినట్టయింది. "మా శాఖలో అందరివీ వీపులే" అని ఒకాయన. "నాది వీపు కూడా కాదు మేడమ్, నేను పుస్తకంలోంచి తల ఎత్తను, నాది నెత్తి పాఠం" అని ఇంకొకాయన. టీ వేళ దాటినా ఎవరూ లేవలేదు. తమ పాఠాలూ తీయమని అయిదుగురు పేర్లిచ్చారు. మధ్యలో పిచ్చుక ఒకసారి వదిన వైపు చూసింది. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. చూపు కలిసినప్పుడు, కానీ అన్నట్టు తల ఊపింది.

డీన్ వెళ్తూ వెళ్తూ, "ఇదీ కావలసింది" అన్నాడు.

ఆ సాయంత్రం పిచ్చుక అన్నయ్య ఇంటికి దాదాపు పరిగెత్తుకు వెళ్ళింది. వదిన ముందుగదిలోనే ఉంది.

"రామ్మా, కూర్చో" అంది. "టీ తాగుతావా?"

పిచ్చుక నిలబడిపోయింది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ఆమెను ఎవరూ కూర్చోమనలేదు. నేరుగా వంటగదిలోకి వెళ్ళి తన టీ తనే పెట్టుకునేది. వదిన కప్పు పళ్ళెంలో పెట్టి తెచ్చి ఇచ్చింది. వర్క్‌షాపు బాగా జరిగిందంది. పెద్దవాళ్ళు కదిలారు, సంతోషం అంది. మొహంలో కోపం మచ్చుకి కూడా లేదు. కోపం ఉన్నా పిచ్చుకకు అంత భయం వేసేది కాదు.

వీపు పాఠం అన్న మాట ఆ వర్క్‌షాపు గదిలోనే ఆగలేదు. వర్క్‌షాపులో చూపించినవన్నీ, వచ్చినవాళ్ళకి పంపడం కేంద్రం అలవాటు. ఆ అలవాటు ప్రకారమే వీడియో ముక్క కూడా వెళ్ళింది. ఎవరి ఫోన్లోంచి ఎవరి ఫోన్లోకి వెళ్ళిందో, నెల తిరక్కుండా విద్యార్థుల దాకా చేరింది. వసారాల్లో, క్యాంటీనులో "వీపు పాఠం" ఊతపదమైపోయింది. అయితే అందరి వీపులూ మరుగున పడి, ఆ పేరు ఒక్క వదినకే మిగిలింది. వృక్షశాస్త్రం శాఖలో కొత్తగా చేరిన లెక్చరరమ్మాయి ఒకరోజు శిక్షణ కేంద్రానికి వచ్చి, ఇబ్బందిపడుతూ చెప్పింది.

"మేడమ్, మీకు తెలియాలని చెబుతున్నా. ఇవాళ మీ వదినగారు క్లాసుకి వెళ్ళేసరికి బోర్డు మీద ఎవరో వీపు బొమ్మ వేశారు. ముడీ అదీ అచ్చం ఆవిడదే. కింద ఆ రెండు మాటలూ రాశారు."

"ఆవిడేం చేసింది?"

"చెరిపేసి పాఠం చెప్పారు. తరవాత స్టాఫ్ రూంలో కూర్చుని చాలాసేపు చేతులు కడుక్కోలేదు. సుద్ద అలాగే ఉంది."

పిచ్చుకకు తల తీసేసినట్టయింది. ఆ పూటే వీడియోను కేంద్రం కంప్యూటర్లోంచి తీసేసింది. దగ్గర ఉన్నవాళ్ళు కూడా తీసేయమని అందరికీ రాసింది. అలా రాయడంతో అప్పటిదాకా చూడనివాళ్ళు కూడా చూశారు.

సెలవురోజు మధ్యాహ్నం వదిన దగ్గరికి వెళ్ళింది. వదిన బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తోంది. పిచ్చుక ఎదురుగా నిలబడి దుప్పటి రెండో కొస పట్టుకుంది. దుప్పటి మడత పడుతుండగా అంది.

"వదినా, నోరు జారాను. నన్ను క్షమించు."

"దేనికి?"

"నీకు తెలీదా దేనికో."

"నువ్వు చెప్పినదాంట్లో అబద్ధం ఉందా?" అంది వదిన.

పిచ్చుక దుప్పటి కొస ఆమె చేతికి అందించింది.

"లేదుగా. మరి క్షమాపణ దేనికి? ఆ చెయ్యి ఎత్తిన అమ్మాయి ఎవరో కనుక్కున్నాను. పిలిచి, ఆ రోజు ఏం అడుగుదామనుకున్నావమ్మా అన్నాను. గుర్తులేదు మేడమ్ అంది. ఇప్పుడైనా అడుగు, ఏదైనా అడుగు అన్నాను. ఏం లేదంది." వదిన మడిచిన దుప్పటిని కుర్చీమీద పెట్టి, దానిమీద చెయ్యి ఆన్చి నిలబడింది. "ఒక్క క్లాసులో ఒక్క చెయ్యి నాకు కనబడలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని చేతులు లేచి ఉంటాయి? నేను మాత్రం అంత నిశ్శబ్దంగా ఉంటే శ్రద్ధగా వింటున్నారు అనుకున్నాను."

"వదినా, నీ బొమ్మలు..."

"బొమ్మల మాట కాదమ్మా. నువ్వు నా క్లాసులో కూర్చున్నావు కదా. నీకప్పుడే తెలుసా?"

ఆ ప్రశ్న ఏదో ఒకరోజు వస్తుందని పిచ్చుక భయపడుతూనే ఉంది.

"తెలుసు" అంది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నీకు ఎలా చెప్పను వదినా? నువ్వు నన్ను పెంచావు."

"అందుకే చెప్పాలి" అంది వదిన. "వంటగదిలో, నేను కూర తరుగుతుంటే, వదినా నువ్వు బోర్డుకి పాఠం చెబుతున్నావు, కాస్త ఇటు తిరుగు అంటే సరిపోయేది. తిట్టేదాన్నేమో. ఒక పూట మాట్లాడేదాన్ని కాదేమో. మర్నాడు తిరిగేదాన్ని. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు, అక్కడ అంతమంది ముందు ఎలా వచ్చిందే?"

గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. అక్కడ అందరూ నవ్వారు కాబట్టి అని పిచ్చుక చెప్పలేకపోయింది. లోపల అన్నయ్య రేడియో గొంతు పెంచాడు. వినకూడదని పెంచాడో, విన్నానని చెప్పడానికి పెంచాడో తెలియలేదు.

ఆ తరవాత వదిన మారడానికి పూనుకుంది. అంత వయసులో అది మామూలు పని కాదు. సుద్దలు పక్కన పెట్టేసింది. కొత్త లెక్చరరమ్మాయి దగ్గర కూర్చుని కంప్యూటర్లో స్లయిడ్లు చేయడం నేర్చుకుంది. పుస్తకాల్లోంచి తెచ్చిన బొమ్మలు వాటిలో అతికించింది. పిల్లల పేర్లు బట్టీపట్టింది. పిచ్చుక కేంద్రం అచ్చువేసిన పుస్తకం తెప్పించుకుని, తరగతిలో ప్రశ్నలు ఎలా అడగాలి అన్న అధ్యాయంలో గీతలు కొట్టుకుంది.

ఆ చలికాలం చివర ఒకరోజు శిక్షణ కేంద్రానికి తనే వచ్చింది. లిఫ్టు ఆగిపోయే అంతస్తు నుంచి మెట్లెక్కి, తలుపు దగ్గర ఆయాసం తీర్చుకుని, లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"రేపు ఒకసారి నా క్లాసుకి వస్తావా?" అంది. "కెమెరా వద్దు. నువ్వొక్కదానివే వెనక కూర్చో. తరవాత నాకు ఎలా ఉందో చెప్పు. నాకు చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు."

పిచ్చుక వస్తానంది.

మర్నాడు వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. వదిన ఆ గంటలో ఒక్కసారి కూడా బోర్డువైపు తిరగలేదు. గోడకు ఆనుకుని, పిల్లల వైపే చూస్తూ, స్లయిడ్లు ఒకదాని తరవాత ఒకటి మార్చుకుంటూ పోయింది. ప్రశ్న అడిగేది, ఎవరైనా నోరు తెరిచేలోగా తనే జవాబు చెప్పేసేది. చూపు ఒక మొహం మీద నిలిచేది కాదు. ఎవరి చెయ్యి ఎక్కడ లేస్తుందో అని వరసలన్నీ వెతుకుతూ, చెబుతున్న వాక్యం మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టేది. ఒకప్పుడు వేరు నుంచి ఆకులోకి నీరు ఎలా పైకి పాకుతుందో చెబుతుంటే ఆమె గొంతులో ఒక ఇష్టం ఉండేది. వెనకవరస వినకపోయినా అది ఉండేది. ఇప్పుడది లేదు. పరీక్ష రాస్తున్న మనిషి గొంతులా ఉంది. పిల్లలు జాలిగా, మర్యాదగా చూస్తున్నారు.

ఏం చెయ్యాలో పిచ్చుకకు అక్కడే స్పష్టంగా తెలిసింది. రోజూ అదే పని చేసే మనిషి. వదినా, సుద్ద మళ్ళీ పట్టుకో, కొంచెం గియ్యి, ఆపు, ఇటు తిరుగు, అడుగు, వాళ్ళు చెప్పేదాకా ఊరుకో, మళ్ళీ గియ్యి. ఇంతే. ఇంకెవరైనా అయితే పది మాటల్లో చెప్పి పంపేది.

పిల్లలు వెళ్ళిపోయారు. వదిన వైర్లు చుట్టుకుంటూ, ఆమె వైపు చూడకుండా అడిగింది.

"ఎలా ఉంది?"

పిచ్చుకకు బోర్డు మీద ఎవరో వేసిన బొమ్మ గుర్తొచ్చింది. చేతులు కడుక్కోకుండా స్టాఫ్ రూంలో కూర్చున్న వదిన గుర్తొచ్చింది. ఇంకొక్క మాట, ఎంత మెత్తటిదైనా, ఈ మనిషి మీద వెయ్యలేననిపించింది.

"చాలా బాగుంది వదినా" అంది.

"నిజంగా?"

"నిజంగా. ఎంత మారిపోయావో."

వదిన వైరు చుట్టడం ఆపి ఆమె మొహంలోకి చూసింది.

"సరే అమ్మా" అంది. "శ్రమపడి వచ్చావు."

పదవీ విరమణకు ఇంకా కొన్నేళ్ళు ఉండగానే వదిన స్వచ్ఛందంగా వదిలేస్తున్నట్టు అర్జీ పెట్టింది. పిచ్చుకకు ఆ సంగతి డీన్ ఆఫీసులో తెలిసింది. వర్షంలో తడుస్తూ అన్నయ్య ఇంటికి వెళ్ళేసరికి వదిన ఇంట్లో లేదు. అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. తువ్వాలు తెచ్చి చేతికిచ్చాడు.

"నా వల్లేనా అన్నయ్యా? ఇంకా కోపంగానే ఉందా?"

"మీ వదినకి నీమీద కోపం లేదు" అన్నాడు అన్నయ్య. "నాకుంది."

చిన్నప్పటి నుంచీ ఆమె మీద ఒక్కసారి కూడా గొంతెత్తని మనిషి. తల తుడుచుకునేదాకా ఆగి, వెళ్ళేటప్పుడు గొడుగు తీసి ఇచ్చాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

వీడ్కోలు సభ వృక్షశాస్త్రం శాఖ పెద్ద గదిలో జరిగింది. డీన్ మాట్లాడాడు. భౌతికశాస్త్రం ప్రొఫెసర్ మాట్లాడాడు. మేడమ్ ధైర్యంగా ముందుకు రాకపోతే మా బోటివాళ్ళం ఈ వయసులో మారేవాళ్ళం కాదు అన్నాడు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. నిజంగానే ఆయన క్లాసులు ఇప్పుడు బాగుంటున్నాయని పిల్లలు అనుకుంటున్నారు. చివర పిచ్చుకను మాట్లాడమన్నారు. వదిన తనను పెంచడం గురించీ, పైచదువుకు పంపడం గురించీ, బొమ్మల గురించీ చెప్పింది. సభలో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. వదిన కూడా అందరితో పాటు చప్పట్లు కొట్టింది. ఎంత చెప్పినా, చెప్పాల్సింది చెప్పకుండానే కూర్చుంటున్నానని పిచ్చుకకు తెలుస్తూనే ఉంది.

వర్క్‌షాపులు ఇప్పటికీ నడుస్తున్నాయి. ముందు తన పాఠమే వీడియో వేసి, అందులో తప్పులు పట్టమంటుంది పిచ్చుక. మిగతావాళ్ళ పాఠాల గురించి ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, తలుపు వేసి మాట్లాడుతుంది. అలా మాట్లాడటం సభలో మాట్లాడటం కన్నా కష్టం. ఒక్కోసారి ఎదుటి మనిషి మొహం మాడిపోతుంది. అయినా చెబుతుంది. నవ్వులు లేవు కాబట్టి వర్క్‌షాపు చప్పబడిందని కొందరంటారు.

వదిన విరమించి ఏడాది దాటాక, ఒక ఆదివారం ఇద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. అన్నయ్య బయటికి వెళ్ళాడు. టీ అయిపోయింది. మాటలు కూడా అయిపోయాయి. పిచ్చుక ఖాళీ కప్పు చేతుల్లో తిప్పుతూ, ఇక ఉండబట్టలేక అంది.

"వదినా, ఆ రోజు నువ్వు నన్ను పిలిచిన క్లాసు... బాగాలేదు."

వదిన ఆశ్చర్యపోలేదు.

"తెలుసమ్మా" అంది. "నా పాఠం నాకు తెలీదా? ఎక్కడ పోతోందో మాత్రం తెలియలేదు. అందుకే నిన్ను పిలిచాను."

"నువ్వు బాధపడతావని..."

"బాధపడేదాన్నే. బాధపడి, ఇంకో రెండేళ్ళు ప్రయత్నం చేసేదాన్ని. నువ్వు బాగుంది అన్నావు చూడు, అప్పుడనుకున్నాను. నువ్వు కూడా చెప్పడం మానేశావంటే, ఇక నేను బాగుపడేది లేదని నీకు అనిపించి ఉంటుంది అని. ఇంటికొచ్చి అర్జీ రాశాను."

"అలా అనిపించలేదు వదినా. చిన్న సంగతి. ఏం చెయ్యాలో అక్కడే తెలిసింది నాకు."

"అవునా" అంది వదిన. ఏం చెయ్యాల్సిందో అడుగుతుందని పిచ్చుక ఎదురుచూసింది. చెప్పడానికి మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. వదిన అడగలేదు. చెయ్యి చాచి ఆమె చేతిలోంచి ఖాళీ కప్పు తీసుకుంది.

"మీ ఆయనకి దగ్గు తగ్గిందా?" అంది.

"తగ్గింది" అంది పిచ్చుక.